పావు హిట్టు

మగ్గం మీద తెగిన పోగును పట్టుకున్నట్టే, ధర్మవరం మార్కండేయులు బేస్‌బాల్ లెక్కల్లో తప్పును వేలితో తడిమి పట్టేస్తాడు. నాలుగు జట్ల లీగుకు పద్నాలుగేళ్లుగా అతనే స్కోరరు. చెవి మీద పెన్సిలు, చంకలో పుస్తకం. ఆ సాయంత్రం పెనుకొండ మైదానంలో, ఆట మానేస్తున్న ఉమేష్‌కు దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పమని మార్కండేయులును పిలిచారు. అతను పుస్తకం తెరిచాడు.

“నూరుసార్లు బ్యాటు పడితే లీగు సగటు ఇరవై ఆరు హిట్లు. ఉమేష్‌ది పద్దెనిమిది.”

ఉమేష్ నవ్వబోయాడు.

“నిన్ను తీసేసి గూడా లెక్కేసినానప్పా. ఇరవై ఆరుంపావు వస్తాది. నీ ఒక్కని వల్ల లీగంతా పావు హిట్టు దిగిండాది.”

చప్పట్లకని ఎత్తిన చేతులను ఉమేష్ భార్య దీపిక మెల్లగా ఒళ్లోకి దించుకుంది. ఉమేష్ దండ తీసి కుర్చీలో పెట్టి వెళ్లిపోయాడు. మార్కండేయులు పెన్సిలు తడి చేసుకుని మరోసారి కూడి చూశాడు. లెక్క సరిగ్గానే ఉంది.