అమ్మ బుగ్గలోని బంగారు సూది

నాకు ఇరవై దాటిన ఏడాది అమ్మ దవడ వాచింది. ఆలూరు నుంచి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ కొత్తగా వచ్చిన యంత్రంతో పంటికి ఫోటో తీశారు. డాక్టరు ఆ తడి ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. పళ్ల పక్కన, బుగ్గ కండలో, వేలిగోరంత పొడవున తెల్లటి గీత.

"ఏం గుచ్చుకుందయ్యా మీ అమ్మకు?" అన్నాడు.

గుచ్చుకోలేదు, గుచ్చారు. ఆ మాట అమ్మ నాకు అప్పుడే చెప్పింది. నాకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. నేను కడుపులో పడ్డాక, మా వీధిలో తాయెత్తులు కట్టే దూదేకుల అవ్వ మంత్రించిన బంగారు సూదిని అమ్మ బుగ్గలోకి దించిందట. అది కండలో ఉన్నన్నాళ్లు బిడ్డ నేల మీద ఉంటాడని చెప్పిందట.

సూది చుట్టూ చీము పట్టింది, తీయకుంటే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు.

"పన్ను పీకమను. సూది తీస్తే నువ్వు దక్కవు నాయనా" అని అమ్మ నా చేయి పట్టుకుంది.

నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చిన పొగరు నాది. పన్ను ఒక్కటే పీకుతారని ఆమె తలమీద చేయిపెట్టి ఒట్టేసి, పన్నూ సూదీ రెండూ తీయించాను. మత్తు దిగాక అమ్మ మొదట అడిగింది ఒకటే.

"ఉండాదా?"

"ఉండాది."

అమ్మ నాలుకతో బుగ్గ లోపల తడుముకుంది. గోడ వైపు తిరిగి పడుకుంది. సూది దూదిలో చుట్టి నా జేబులో ఉంది. ఆ రోజు నుంచి చిన్న దగ్గు వచ్చినా నాకు భయమేసేది. పారేయడానికి చేతులు రాలేదు, జేబులోనే పెట్టుకు తిరిగాను.

నెల తర్వాత మళ్లీ ఫోటో తీశారు. డాక్టరు ఫిల్మును కిటికీకి పట్టి నా వైపు తిరిగాడు.

"నేను తీసి నీ చేతికే ఇచ్చాను కదయ్యా?"

అదే చోట అదే గీత. జేబులో చేయి పెట్టాను. దూదిలో సూది ఉంది.

అమ్మ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ముఖం మీద ఎండ పడుతోంది. అప్పుడు చూశాను. పెళ్లినాటి నుంచి ఒక్కరోజైనా తీయని ముక్కుపుడక లేదు. ఆ రంధ్రంలో వేపపుల్ల ఉంది.

"ముక్కుపుడక యాడమ్మా?"

అమ్మ బుగ్గ మీద చేయి పెట్టుకుంది.

"ఈడనే ఉండాది. కరిగించి సూది చేయించినా. అవ్వకు ఇప్పుడు చూపు లేదు, తడుముకుంటానే దించింది. శానా నొప్పి నాయనా. ఈసారి తీయించాకు."