పడుగుల వీధిలో గుంట

భావనారాయణకు అరవై రెండేళ్ళు. భవానీపురంలో మా ఇల్లున్న వీధి అంతా నేతగాళ్ళదే, ఆ వీధికి ఆయన మాటే మాట. తెల్లవారగానే నూలు పడుగును వీధి పొడవునా చాచి, గంజి పెట్టి, ఎండ ముదిరేలోగా కుంచెలతో దువ్వి ఆరబెట్టుకోవాలి. అంత పొడుగు చోటు ఇళ్ళలో ఎక్కడిది? ఆ పూట వీధిలోకి బండిని రానివ్వరు. నేను పాఠాలు చెప్పే బడికి వెనక సందులోంచి వెళ్ళేవాణ్ణి.

పందొమ్మిది వందల నలభై ఆరు మార్చిలో మునిసిపల్ చైర్మన్ గారు ఊరి పటం చంకలో పెట్టుకుని వచ్చారు. చిన్నవాడు, ఎన్నికై ఏడాది కాలేదు. పటాన్ని భావనారాయణ అరుగు మీద పరిచారు.

"ఇరవై ఏళ్ళకి బెజవాడ ఎట్లా ఉండాలో ఇప్పుడే గీసుకోవాలండీ. మొదట మంచినీళ్ళు. తరవాత మురుక్కాలవలు, ఆడపిల్లల బడి. పార్కులు ఆఖరున. కుళాయిలు ముందు బీదల వీధులకే. మీ వీధితోనే మొదలు."

"తవ్వాలా బాబూ?"

"రెండు నెలలు."

"రెండు నెలలు పడుగు చాచకపోతే ఏం తింటాం? కోటా మీద ఇచ్చే కంట్రోలు నూలు ఇప్పుడేగా చేతికొచ్చింది. కృష్ణ పక్కనే ఉందాయె. మా ఇంటిది భద్రమ్మ ఇండుపగింజ అరగదీసి కలిపిందంటే నీళ్ళు అద్దమల్లే తేరతయ్యి."

అందరూ నవ్వారు. చైర్మన్ గారు నవ్వలేదు. "గింజ బురదని దించుతుందండీ, రోగాన్ని దించదు," అన్నారు. అయినా వీధి ఒప్పుకోకుండా గునపం వేయనన్నారు.

మర్నాడు వీధంతా వేలిముద్రలు వేసి, వానాకాలం పోయాక చూద్దామని అర్జీ ఇచ్చింది. రాసింది నేనే. రసాయనశాస్త్రం చదివినవాణ్ణి, చైర్మన్ గారి మాట నిజమని తెలిసే రాశాను. వాళ్ళ తిండి సంగతీ నిజమే. మా ఇంట్లో పసిపాపకి నీళ్ళు కాచే పడుతున్నాం కదా అనుకున్నాను.

ఉన్న పైపులు ఇంకో పేటకు వెళ్ళాయి.

జులైలో నదికి కొత్తనీరు వచ్చింది, వెంటనే వీధిలో కలరా. భావనారాయణ కొడుకూ, కోడలు నాగమల్లేశ్వరీ ఒకే వారంలో పోయారు. నాలుగేళ్ళ మనవరాలు రామతులసి మిగిలింది.

ఆయన నన్ను వెంటబెట్టుకుని చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాడు.

"తవ్వించండి బాబూ, రేపే తవ్వించండి. ఆ అర్జీ చింపెయ్యండి. పిల్లొక్కతే మిగిలింది నాకు."

చైర్మన్ గారు పైపుల లెక్క పుస్తకం తీసి చూపించారు. "పైపులు లేవండీ. యుద్ధం అయిపోయినా ఇనుము దొరకటం లేదు. మళ్ళీ మీ వంతు వచ్చే ఏడే."

తిరిగి వస్తూ దారిలో భావనారాయణ ఒక్కటే అడిగాడు. "మీ పాప తాగేది కాచిన నీళ్ళేనా మాస్టారూ?"

"అవునండీ."

"మాకు గట్టిగా చెప్పలేదే?"

అంతకుముందెప్పుడో ఒక్కసారి చెప్పాను. కట్టెలు ప్రియం అని భద్రమ్మ గారంటే ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున పడుగులు తెచ్చినవాళ్ళకు వీధి నడుమ గుంట కనిపించింది. చైర్మన్ గారు పటం మీద వేలితో చూపించిన దారినే భావనారాయణ గునపంతో తవ్వుకుంటూ పోతున్నాడు.

"మతిగాని పోయిందా మావా?" ఎదురింటి తిరుపతిరావు అరిచాడు. "పైపులేయి? మా పొట్టలు కొట్టటానికా?"

"పైపులు వచ్చే ఏడంట."

"మరి ఇప్పుడెందుకు తవ్వటం?"

"వచ్చే ఏడు కూడా నేనే వద్దంటానేమోరా. తవ్వేసి ఉంటే అనలేనుగా."

తిరుపతిరావు గునపం లాక్కోబోయాడు. ఆయన వదల్లేదు. అంతలో అరుగు మీద రామతులసి దాహం అంది. భద్రమ్మ అలవాటు కొద్దీ తేర్చిన నీళ్ళ బిందెలో చెంబు ముంచింది. ఆయన గునపం వదిలేసి ఉరికాడు. చెంబు లాక్కుని గుంటలో పారబోశాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

మా పాపకని కాచి చల్లార్చిన నీళ్ళు చెంబెడే ఉన్నాయి. తెచ్చి ఇచ్చాను. భావనారాయణ చెంబును ఎండకేసి వంచి, లోపలికి చూశాడు. పిల్ల చెయ్యి చాపినా ఇవ్వలేదు.

"ఇయ్యీ అట్లాగే ఉన్నయ్యి మాస్టారూ," అన్నాడు. "నా కంటికి తేడా తెలవటంలేదు."