గొర్రెలు గీసిన హద్దు

అది 1937 వేసవి. మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. నేనక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని. తాళ్ల నార కోసం కిత్తనార తోట వేస్తామని మద్రాసు కంపెనీ ఒకటి ఒక కొండవాలును లీజుకు అడిగింది. అది గ్రేజింగ్ పోరంబోకు, అంటే ఊరి పశువుల మేతకని సర్కారు విడిచిపెట్టిన నేల. అభ్యంతరాలు విని రిపోర్టు రాయమని తహసీల్దారు నన్ను పంపారు. ఇవ్వమంటే ఊరికి కోపం, వద్దంటే పైవాళ్లకు కోపం. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఊరి తరఫున మాట్లాడింది ఓబులమ్మ. గొర్రెల మందే ఆమె ఆస్తి, నోరు మహా గట్టిది. గడ్డి మాట ఆమె ఎత్తనే లేదు. ఎండాకాలం ఆ వాలులో గడ్డెక్కడిది? దిగులంతా వాలు కిందున్న కుంట గురించే. ఆ చుట్టుపక్కల వేసవిలో నీళ్లుండేది అందులోనే.

"కంచె ఏస్తే కొండ సుట్టూ తిరిగి పోవాల నాయనా. పిల్లతల్లులు నడమనే పడి సస్తాయి," అన్నది.

కంపెనీ ఏజెంటు రంగనాథంగారు చెడ్డవాడేమీ కాదు. అంత ఎండలోనూ మెడకు టై కట్టుకుని తిరుగుతుంటే చూసి జాలేసేది. నడుమ దారి వదిలితే మంద మొక్కలన్నీ తొక్కేస్తుందని ఆయన భయం. తోట అంచున వదులుతామన్నారు. ఆ అంచంతా బండలే.

"మీరు గీత గీస్తే గొర్రె దాని మీద నడుస్తాదా? దప్పికైన మందను ఇడుస్తా. అది యాడ నడిస్తే ఆడ దారి ఇడవండి. ఆ పక్కా ఈ పక్కా అడుగు పెడితే నన్నడగండి," అన్నది ఓబులమ్మ.

నాకు నవ్వొచ్చింది. చైనూ సర్వేయరూ ఉండగా హద్దులు గొర్రెలా గీసేది? రంగనాథంగారు మాత్రం నవ్వలేదు, సరేనన్నారు.

మిట్టమధ్యాహ్నం వాలు పైనుంచి మందను వదిలింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి తలలు వంచుకుని, సన్నటి బాటన తిన్నగా కుంటకేసి దిగిపోయాయి. వెనకాలే మేము గూటాలు పాతుకుంటూ నడిచాం. దారిలో ఒక పిల్ల కూలబడితే రంగనాథంగారు చంకనేసుకున్నారు. అది టై నములుతున్నా దించలేదు. కుంట దగ్గర తల్లి కడుపారా నీళ్లు తాగి, వచ్చి పిల్లకు పాలిచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.

"ఈ మాత్రం దారికి మా తోటకొచ్చే లోటేమీ లేదు, రాసుకోండి," అన్నారు నాతో.

ఆ బాట మినహాయించి లీజు మంజూరైంది. ఆ ఇద్దరినీ తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం చల్లబడుతుంది. అంతకుముందు చెరిసగం పంచడమే న్యాయమనుకునేవాణ్ణి. ముందు దాహం ఎవరిదో చూసి, ఆ తర్వాత మిగిలింది పంచాలని వాళ్ల వల్లే తెలిసింది.