కళ్లడబ్బాలో లేని మెట్లు

కుంటాల జలపాతం కిందికి ఏడుసార్లు దిగినవాణ్ని నేను. ఏ బండ మీద కాలు జారుతుందో, ఎక్కడ నిలబడితే తుంపర మొహాన కొడుతుందో నన్నడగండి. కరీంనగర్‌లో పొద్దున్నే నాతో నడిచే ముసలాళ్లందరికీ ఇదే చెప్పాను. నమ్మారు కూడా.

సరే, ఒప్పుకుంటున్నాను. ఆ ఏడుసార్లూ మా హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే దిగాను. మా మనుమరాలు కళ్లకు కట్టుకునే వీఆర్ డబ్బా ఒకటి తెచ్చింది. తగిలించుకుంటే ఎదురుగా జలపాతం, తల తిప్పితే అడవి, పైకెత్తితే ఆకాశం. ఒక్క మీట నొక్కితే చాలు, రోడ్డు మీంచి నేరుగా నీళ్ల దగ్గర తేలతాం.

మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు. పారే నీళ్లలో కాళ్లు పెట్టి కాసేపు కూర్చోవాలని ఎన్నాళ్లుగానో ఆశ. బయల్దేరే ముందు ఒక్క మాటే అడిగింది.

"మెట్లున్నయా?"

"ఒక్కటి లేదు. ఏడుసార్లు పోయొచ్చినోన్ని, నాకు తెల్వదా?"

మనుమరాలు కారు నడుపుతోంది, ఫోను నా చేతిలో. నిర్మల్ దాటాక మ్యాపులో పెద్దరోడ్డు ట్రాఫిక్‌తో ఎర్రబడింది. "ఎవరినన్న అడుగుదాం జర ఆపు" అంది ఇంటావిడ.

"లైవ్ మ్యాప్ చేతిల వెట్టుకొని మందిని అడుగుడేందే?" అని కసిరి, ఫోను చూపించిన ఊళ్ల దారికి తిప్పించాను. ఫోనులో గీత నీలంగా, నున్నగా ఉంది. రోడ్డు మీద మాత్రం చూపు ఆనినంత దూరం మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉన్నాయి. కాపలా ఉన్నామె పార పట్టుకుని అడ్డం నిలబడింది.

"గా ఫోన్ల మా మక్కలు కనవడతలేవా, పెద్దమనిషీ?"

వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోయాం. నాకు ఒళ్లంతా మంట.

తీరా చేరితే మెట్లు. దిగినకొద్దీ మెట్లు. నీళ్ల చప్పుడు వినబడుతుంది గాని నీళ్లు కనబడవు. ఆ డబ్బాలో బొమ్మ పెట్టినవాణ్ని అడగాలని ఉంది: ఆకాశం చూపించే తీరిక ఉందిగాని, మెట్లు చూపించే తీరిక లేదా నీకు? నీకు తల్లి లేదా, ఆమెకు మోకాళ్లు లేవా? పాపం మా ఇంటావిడ, ఆ కాళ్లతో సగం దాకా వచ్చి ఆగిపోయింది. నీళ్లు చూడకుండానే వెనక్కొచ్చాం. ఇంటికి రాగానే డబ్బాను అటక మీదికి విసిరేశాను. అటు చూస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

ఇంతవరకు రాసి, బెండకాయలు కోస్తున్న ఆమెకు చదివి వినిపించాను. కత్తిపీట మీంచి చెయ్యి తియ్యలేదు.

"తప్పు నా మోకాళ్ల మీదికి నూకకు. నేను దిగుతనే ఉన్న. సగంల దమ్మొస్తుందని కూలవడ్డది నువ్వు. నిన్ను ఇడిసిపెట్టి పోలేక ఆగిన. లేకుంటె ఆ నీళ్లల్ల కాళ్లు వెట్టే వస్తుంటి. గది రాయి."