ఇంటిపేరు కలవని మాట

నా చిన్నప్పుడు ఇంగ్లీషు మాటలకు కూడా ఇంటిపేర్లు ఉంటాయని నమ్మేదాన్ని. అరవై దాటాక, ఇప్పుడు తిరుపతిలో కూతురి కూతురితో కలిసి ఫోనులో మాటలాట ఆడుతున్నా ఆ నమ్మకం పోలేదు. "అవ్వా, అయిదక్షరాలు, చివర ఈ, ఆర్" అని మనవరాలు అనగానే వాటర్, టైగర్, పేపర్, రివర్ అని ఆ ఇంటివాళ్ళందరినీ వరసగా పిలిచేస్తాను. దానికి ఒకటే ఆశ్చర్యం. నేను చదివింది పదో తరగతి, అదీ ఈడ్చుకుంటూ. ఈ ఒక్క విద్య మాత్రం వడమాలపేటలో పక్కింటి అక్క పెట్టిన భిక్ష.

మా అమ్మ పోయిన ఏడాది మా నాయన నన్ను సత్యవేడు నుంచి తెచ్చి మా అవ్వ దగ్గర వదిలాడు. అవ్వంటే మా అమ్మకు అమ్మ. ఆ ఇంట్లో మామ, అత్త, వాళ్ళ పిల్లలిద్దరు ఉండేవాళ్ళు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా నేనే చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఒదిగి ఉండేదాన్ని. ఒక ముద్ద సంగటి తిని, కడుపులో ఇంకా ఆకలున్నా చాలని లేచిపోయేదాన్ని. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ఒకే గడప దాటి వచ్చిన మా ముగ్గురిలో నా ఇంటిపేరు ఒక్కటే వేరుగా వినిపించేది. "అయితే అది మీ ఇల్లు కాదా?" అని ఒక పిల్ల ఊరికే అడిగింది. ఆ మాట నన్ను చాలా రోజులు పీడించింది.

పక్కింటి అక్క ఆ ఏడు పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి, మళ్ళీ పరీక్షకు చదువుతూ ఉండింది. మాటలు బుర్రకెక్కడానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. పాత పెళ్ళిపత్రికలను చీటీలుగా కత్తిరించి, చీటీకొక మాట రాసి, వామనగుంటల పీటలో చింతగింజలకు బదులు వాటిని పంచేది. మా వైపు ఇంటిని అంకణాల్లో కొలుస్తారు. మూడక్షరాల మాటలు మూడంకణాల ఇళ్ళట, నాలుగక్షరాలవి నాలుగంకణాలట. కొలత కలిసినాక, ఒకే ఇంటిపేరు ఉన్నవాటిని ఒక గుంటలో వెయ్యాలి.

ఒక ఆదివారం నన్నూ కూర్చోబెట్టుకుని నాలుగంకణాల చీటీలు చేతికిచ్చింది. నాకు అప్పుడప్పుడే ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. బాల్, బెల్, బర్డ్ మూడూ ఏరి ఒకే గుంటలో వేశాను. అన్నిటికీ మొదట బీ ఉంది, ఇంటిపేరు ముందే కదా రాస్తాం! అక్క పడీపడీ నవ్వింది.

"అది మనకు పాపా. దొరలకు ఇంటిపేరు ఎనకాల ఉంటాది. తోక సూడు."

చివరి రెండేసి అక్షరాల తోకలు చూసి పంచాను. బాల్, బెల్, వాల్, టాల్ ఒక గుంటలోకి, కింగ్, రింగ్, సింగ్ ఇంకో గుంటలోకి చేరాయి. బర్డ్ పోయి కార్డ్ పక్కన కూర్చుంది, డర్ట్ పోయి కార్ట్ పక్కన. చివరికి నా చేతిలో ఒక్క చీటీ మిగిలింది. గర్ల్. ఏ గుంటలోనూ దాని తోక కలవలేదు.

"దీనికి ఎవురూ లేరక్కా" అన్నాను. అంటూనే ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. బళ్ళో పిల్ల అడిగిన మాట, తినకుండా లేచిపోయిన ముద్దలు, అన్నీ వెళ్ళగక్కేశాను.

అక్క ఊరుకోమ్మా అనలేదు. కార్డ్ పక్కనున్న బర్డ్‌ను, కార్ట్ పక్కనున్న డర్ట్‌ను పైకి తీసి, నా చేతిలో చీటీకి అటూ ఇటూ పెట్టింది.

"తోకే సూస్తివి గానీ కడుపు సూడలేదు నువ్వు. మూడిట్లోనూ నడాన ఐ, ఆర్ ఉండాదా లేదా? ఇంటిపేరు నాయనది పాపా. కడుపు అమ్మది. కడుపు కలిసినోళ్ళు పరాయోళ్ళు యాడయితారు?"

మూడు చీటీలనూ ఖాళీగా ఉన్న గుంటలో నా చేతనే వేయించింది.

ఆ సాయంత్రం ఒక ముద్ద తిన్నాక నేను లేవలేదు. "అవ్వా, ఇంకొంచెం పెట్టు" అన్నాను. అవ్వ గరిటె పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత పెట్టిన ముద్ద మామూలు ముద్దకు రెండింతలుంది. నేనడక్కుండానే అత్త ఊరుబిండి పచ్చడి వేసింది. వాళ్ళు నా కోసం ఎన్నాళ్ళుగా ఎదురు చూస్తున్నారో అప్పటికి గానీ నాకు తెలియలేదు.

అక్క పరీక్ష గట్టెక్కింది. టీచరు ట్రైనింగుకని కార్వేటినగరం పోయింది. ఆ వెనకే వాళ్ళవాళ్ళు ఇల్లు ఖాళీ చేసుకుని పోయారు. పీట మాత్రం నాకిచ్చింది. అక్క ఇప్పుడెక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. ఆటలో మంచి మాట ఒకటి తగిలిన రోజున ఆమెకు చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది.

మొన్న మనవరాలు వెతికిపెడతానని ఫోను తీసి, "ఆ అక్క ఇంటిపేరు చెప్పవ్వా" అంది. అక్కా అని పిలిచానే గానీ, ఆమె ఇంటిపేరు నేనెప్పుడూ అడగనేలేదు.

ఇప్పటికీ ఆటలో మాట చిక్కకపోతే తోక వదిలేసి కడుపు చూస్తాను. మనుషుల దగ్గరా అంతే. ఈ మనవరాలి ఇంటిపేరూ మాది కాదు. అయినా నా కంచంలో దోసె అడక్కుండా తుంచుకుని తింటుంది. అది తుంచుకున్నప్పుడల్లా, అక్క ఒక్కసారి వచ్చి చూస్తే బాగుండునని ఉంటుంది నాకు.