వాపసు షరతు

వదిన పోయిన రెండేళ్ళకు, ఒకరోజు పొద్దున్నే అన్న మెట్లెక్కి మా వాటాలోకి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"తమ్మీ, ఒక కుక్కపిల్లను తెచ్చుకుందామనుకుంటున్న. ఏమంటవ్?"

అశోక్‌నగర్‌లో మాది రెండంతస్తుల ఇల్లు. కింద అన్న, పైన మేము. వాళ్ళకు పిల్లల్లేరు. వదినకు లివర్ చెడిపోయి ఏడాదిన్నర మంచాన పడితే, అన్న బ్యాంకు ఉద్యోగం ముందే మానేసి ఆమెకు స్నానం చేయించడం దగ్గర్నుంచి అన్నీ తనే చేశాడు. ఆమె పోయాక ఆయనకు మాట తగ్గిపోయింది. పేపరు ఇవ్వడానికి వెళ్తే తీసుకుని తల ఊపేవాడు, అంతే. అలాంటి మనిషి తనంతట తాను ఒకటి కావాలని అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వేం ఫికర్ చెయ్యకన్నా, అంత నేను చూసుకుంట" అన్నాను.

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. ఇళ్ళ అమ్మకాలు, కిరాయి ఒప్పందాలు, అన్నదమ్ముల పంపకాలు రాసి రాసి, ఎదుటివాడు ఎక్కడ జారిపోతాడో ముందే పసిగట్టడం నాకు అలవాటైపోయింది. కుక్కపిల్లను కొనడం కూడా ఒక కొనుగోలే కదా అనుకున్నాను.

అన్నకు లాబ్రడార్ కావాలట. దోమలగూడలో ఒకామె ఇంట్లోనే జాతికుక్కలను పెంచి పిల్లలను అమ్ముతుందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. ఇంటి వెనక కొంచెం మట్టి నేల, సపోటా చెట్టు, చెట్టు కింద తల్లి కుక్క, దాని మీద పడి దొర్లుతున్న ఏడు పిల్లలు. అన్న ప్యాంటు మాసిపోతుందని కూడా చూసుకోకుండా మట్టిలో చతికిలబడ్డాడు. ఒక పిల్ల వచ్చి ఆయన చెప్పు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. ఇక మిగతా ఆరింటి వైపు ఆయన చూడలేదు.

నేను నా పని మొదలుపెట్టాను. ఈ జాతికి తుంటి జబ్బు వంశంలోనే వస్తుందట, అందుకని పిల్ల తల్లిదండ్రులకు తుంటి ఎక్స్‌రేలు తీయించారా అని ఆమెను అడిగాను. తల్లిది చూపించింది. తండ్రి అడిక్‌మెట్‌లో ఇంకొకరి కుక్క, వాళ్ళు తీయించలేదని దాచకుండా చెప్పింది. గుండె సంగతి అడిగితే, "డాక్టరు విన్నడు, మంచిగనే ఉన్నది అన్నడు. అంతకుమించి నాకు తెల్వది సార్" అంది.

మొదటి టీకా, పురుగుల మందు అయిపోయాయి. పది రోజుల లోపల అంటుజబ్బు ఏదైనా వస్తే బాధ్యత తనదే అని ఆమె ఒప్పుకుంది. నాకు అది చాలలేదు. పుట్టుకతో వచ్చిన లోపం ఆరు నెలల్లో ఎప్పుడు బయటపడినా, ఆ పిల్లను వాపసు తీసుకుని ఇంకో పిల్లను ఇవ్వాలన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "వైద్యానికయ్యే దాంట్ల సగం నేను భరిస్త అని రాయుండ్రి సార్. వాపసు అని మాత్రం రాయకుండ్రి. ఇంట్ల పెరిగిన పిల్లను మీరు తెచ్చిస్తరా? ఇచ్చినా, అదేమైపోవాలె?"

"దవాఖానకు తిరుగుకుంట పోతే అంతుండదమ్మా. మాకు మంచి పిల్ల గావాలె, అంతే."

"ఎందుకురా గియన్ని?" అన్నాడు అన్న కిందనుంచి.

"నీకు తెల్వదు, ఊకో అన్నా."

నేను రాసిచ్చిన దాని మీద ఆమె సంతకం పెట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే గెలిచినట్టే అనిపించింది నాకు.

పిల్ల వచ్చాక కింది వాటాలో మళ్ళీ మాటలు వినపడ్డాయి. అన్న దాన్ని 'బిడ్డా' అనే పిలిచేవాడు. పొద్దున్నే గేటు ముందు కూర్చోబెట్టుకుంటే, హాస్టళ్ళనుంచి పుస్తకాలు పట్టుకుని లైబ్రరీకి పోయే పిల్లలు ఆగి, తల నిమిరి పోయేవాళ్ళు. పరీక్ష ఎప్పుడు, ఏ ఊరు అని అన్న వాళ్ళను పలకరించేవాడు. ఒకరోజు చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలామెతో నవ్వుతూ బేరమాడుతుంటే చూసి, దూరంగానే నిలబడిపోయాను.

మూడు వారాలకు రెండో టీకా కోసం నారాయణగూడలో ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. పక్కకు తిప్పి మళ్ళీ విన్నాడు. స్కానింగ్ చేయించమన్నాడు. అదీ అయ్యాక చెప్పాడు: "గుండెల కుడిపక్క కవాటం సరిగ ఏర్పడలేదు. పుట్టుకతోనే వచ్చింది. కొన్నైతే ఏండ్లు బతుకుతయి, కాని దీనిది జర ఎక్కువనే ఉన్నది. ముందుముందు కడుపుల నీళ్ళు చేరొచ్చు."

ఆ చివరి మాటకు అన్న ముఖం వైపు చూడలేకపోయాను. వదిన కడుపులో నీళ్ళు తీయించడానికి వారం వారం తీసుకెళ్ళింది ఆయనే.

ఇంటికొచ్చాక కాగితం తీశాను. "అన్నా, షరతు ఉన్నది. వాపసిచ్చి ఇంకోటి తెచ్చుకుందాం."

"ఇయ్య."

"నా మాట జర విను..."

"ఇయ్య అన్న కద."

నాలుగు రోజులు ఊరుకున్నాను. ఆయన మళ్ళీ ఒక ప్రాణం పక్కన కూర్చుని రోజులు లెక్కపెడతాడన్న ఆలోచనే భరించలేకపోయాను. ఇప్పుడు కోపం వచ్చినా, తర్వాత నేను చేసిందే మంచిదనుకుంటాడని నాకు నేను చెప్పుకున్నాను. ఐదో రోజు ఆయన పింఛను పని మీద బ్యాంకుకు పోగానే, పిల్లను ఎత్తుకుని దోమలగూడకు ఆటో ఎక్కాను.

"పెద్దాయనకు తెల్సా?" అని అడిగింది ఆమె.

"తెల్సు" అన్నాను.

ఆ ఈతలో తనకోసం అట్టిపెట్టుకున్న పిల్లను తెచ్చి నా చేతికిచ్చింది. నేను గేటు వైపు నడుస్తుంటే మా పిల్ల నా వెనకే వచ్చింది. గేటు వేసేశాను. లోపలనుంచి అది ఒక్కసారే అరిచింది.

అన్న వచ్చి చాప మీదున్న కొత్త పిల్లను చూశాడు. రంగు అదే, సైజూ అంతే. "బిడ్డా" అన్నాడు. అది తల కూడా ఎత్తలేదు. ఆయన నా వైపు తిరిగాడు.

"మీ వదినకు బాగుగాదని తెల్సినంక, నేను ఆమెను ఎవరికన్న వాపసిచ్చొచ్చిన్నా?"

గొంతు పెంచలేదు. ఆ కొత్త పిల్లను చంకలో పెట్టుకుని ఎండలో బయలుదేరాడు. ఆటో ఆపితే ఎక్కలేదు. దోమలగూడ దాకా నేను పదడుగుల వెనక నడిచాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

గేటు తీయగానే మా పిల్ల లోపలనుంచి పరుగెత్తింది. సగం దూరంలోనే ఆయాసం వచ్చి కూలబడి, అక్కడినుంచే తోక ఆడించింది. కొత్త పిల్లను కిందికి దించి, అన్నే వెళ్ళి దాన్ని ఎత్తుకున్నాడు.

"తెల్సు అన్నరు కద సార్?" అంది ఆమె నాతో. అన్నతో మాత్రం, "మందులకు సగం నేనిస్త నాయినా. కాగితంల లేకపోతే ఏమాయె" అంది. ఇచ్చింది కూడా.

ఆ తర్వాత అన్న నాతో మాట్లాడలేదు. వేళకు మాత్రలు వేయడం, పడుకున్నప్పుడు అది ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టి రాసుకోవడం, ఉప్పు లేకుండా కోడికూర ఉడికించి అన్నంలో కలపడం, ఇవన్నీ మెట్ల మీదనుంచే చూసేవాణ్ణి. పేపరు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాణ్ణి.

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కిందనుంచి ఆయన గొంతు వినపడింది.

"తమ్మీ, జర కిందికి రా."

పిల్ల ఆయన ఒళ్ళో ఉంది. కడుపు ఉబ్బి, కాళ్ళు పక్కకు జారిపోయి ఉన్నాయి. ఆటో పిలుస్తానన్నాను. "వద్దు, కూసో" అని నా చెయ్యి తీసుకుని దాని మెడ మీద పెట్టాడు. వెచ్చగా ఉంది. అరగంట పట్టింది. ఆ అరగంటా అన్న దానితో మాట్లాడుతూనే ఉన్నాడు, బజారు సంగతులు, పరీక్ష పాసైన హాస్టలు పిల్ల సంగతి. మాట ఆపాక గానీ అది పోయిందని నాకు తెలియలేదు.

మా ఇంట్లో అంతా బండపరుపే, పిడికెడు మట్టి లేదు. ఫోన్ చేస్తే దోమలగూడ ఆమె, "ఈడికే తెండ్రి" అంది. సపోటా చెట్టు అవతల ఆమే గడ్డపార పట్టింది. తల్లి కుక్కను గదిలో పెట్టి గడియ వేసింది.

తిరిగొస్తుంటే ఆటోలో, "నాది తప్పయింది అన్నా" అన్నాను.

"మంచికే చేసినవ్ తియ్" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

ఇప్పుడు మాట్లాడతాడు. ఆదివారాలు పైకి వచ్చి మాతో తింటాడు. ఇంకో కుక్కను తెచ్చుకోలేదు. నాకు మాత్రం ఏ పనీ చెప్పడు. మొన్న కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్ళద్దాలతో ఒక్కడే ఆటో దిగుతుంటే మెట్ల మీదనుంచి చూశాను. ఉరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"చెప్తే నేను రాకపోదునా అన్నా?"

"నీకెందుకులే తమ్మీ తక్లీఫ్" అని, నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు.