పాత అంగీలు అడిగిన పెద్దమనిషి

ఆ రోజుల్లో నాకు అనుమానపడటానికే జీతం ఇచ్చేవారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసి వస్తాయి కానీ, అప్పట్లో దాన్ని నేను తెలివి అనుకునేవాణ్ణి. డిగ్రీ మధ్యలో చదువు నన్ను వదిలేసింది (నేనే దాన్ని వదిలేశానని ఇంట్లో చెప్పాను). సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో ఒక లాడ్జిలో కౌంటరు మీద కూర్చునే పని దొరికింది. లాడ్జి యజమానిని అందరం సేటు అనేవాళ్లం. మొదటిరోజే ఆయన నాకు ఉపదేశం చేశాడు. "అరే పిలగా, వచ్చినోని మొకం సూడకు. మొకం అందరిది మంచిగనే ఉంటది. ఆని సంచి సూడు, రూంల కెంచి సప్పుడేమన్న వస్తుందా ఇను." నేను ఆ మాటను మంత్రోపదేశంలా తీసుకున్నాను. తల్లీకొడుకులు గది అడిగితే ఇద్దరి ముక్కులూ కలుస్తున్నాయా అని చూసేవాణ్ణి. కొమురవెల్లి మల్లన్నను దర్శించుకుని నుదుట బండారితో వచ్చిన భక్తులను చూసినా, ఆ పసుపు గుడిలో పెట్టిందేనా, దారిలో కొన్నదా అని ఆలోచించేవాణ్ణి.

మార్కెట్ యార్డుకు మక్కలు, అంటే మొక్కజొన్నలు, వచ్చే కాలంలో ఒక ఉదయం ఆయన వచ్చాడు. యాభై దాటిన సన్నటి మనిషి. చూసిన మరుక్షణం మరిచిపోయే ముఖం. (అలాంటి ముఖం దొంగలకే ఉంటుందని నా సిద్ధాంతం.) బెంగళూరు నుంచి వచ్చానన్నాడు. బళ్లారి వైపు చాలాకాలం తిరిగాడట, తెలుగు బాగానే వచ్చు. పనేమిటని అడిగితే, "నటుణ్ణి తమ్మా. నాటకం, సినిమా" అన్నాడు. కన్నడంలో తమ్ముణ్ణి అలా పిలుస్తారట. ఏ వేషాలు వేస్తారని అడిగాను. ఆయన ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పుకుపోయాడు. చిన్నప్పుడు జాతర జాతరకూ డేరా మార్చే నాటక కంపెనీలో చేరి ఆడవేషాలు వేశాడు, మీసం వచ్చాక రాక్షసుడి సేవకుడయ్యాడు, ఎవరికి జ్వరమొస్తే వాళ్ల వేషం కట్టాడు. సినిమాల్లోకి వచ్చాక హీరో ఇంటి పక్కింటాయన, లాయరు వెనక నిలబడే గుమస్తా, హారతి మాత్రం ఇచ్చి పోయే పూజారి. "ఒకదాంట్లో శవం కూడా వేశాను. దర్శకుడు చాలా మెచ్చుకున్నాడు."

"మరి గీడికెందుకొచ్చిన్రు సార్?"

"అది ఇప్పుడే చెప్పకూడదు తమ్మా. కథ బయటికి పోకూడదన్నారు."

నాకు అంతే చాలు. సినిమా యాక్టరైతే సిద్దిపేటలో, అందులోనూ స్నానాలగది వసారా చివరన ఉన్న లాడ్జిలో ఎందుకు దిగుతాడు? పరీక్షిద్దామని, "ఒకసారి ఏడ్చి సూపెట్టుండ్రి సార్" అన్నాను. ఆయన నిజంగానే ఆలోచించి, "ఎవరి ఏడుపు?" అని అడిగాడు. ఏడుపంటే ఏడుపే గదా అన్నాను. "అల్ల తమ్మా, అల్ల. అలా కాదు. పంట పోయినవాడి ఏడుపు వేరు, పరీక్ష పోయినవాడి ఏడుపు వేరు. ఎవరిదో చెప్పు, వాణ్ణి చూసొచ్చి ఏడుస్తాను." పరీక్ష మాట ఎత్తడంతో నాకు ఒళ్లు మండింది. సేటు దగ్గరికి పోయి, "ఏడ్వ రాదు గని యాక్టరంట" అని చెప్పాను. ఇద్దరం కడుపుబ్బా నవ్వుకున్నాం.

మర్నాటి నుంచి ఆయన మీద నిఘా పెట్టాను. పొద్దున్నే బట్టల దుకాణం నుంచి కొత్త అంగీలు కొనుక్కుని మార్కెట్ యార్డుకు పోయేవాడు. పొద్దుగూకేసరికి ఆ కొత్తవి పోయి చేతిలో పాతవి ఉండేవి. దుప్పటి మార్చే నెపంతో గదిలోకి దూరాను. దండెం మీద వరసగా వేలాడుతున్నాయి: చంకల్లో చెమట ఉప్పు తెల్లగా చారలు కట్టిన అంగీలు, అంచులు పీకిన తువ్వాళ్లు, మడత విప్పని ఒక తలపాగా. మర్యాద కోసం, "ఉతకనియ్యాల్నా సార్?" అని ఒకటి అందుకున్నాను. ఆ మనిషి ఎన్నడూ లేనిది గట్టిగా అరిచాడు. "వద్దు, ఉతకకు! ఉతికితే పోతాడు!"

ఎవరు పోతాడో అడిగే ధైర్యం లేక నేనే బయటికి పోయాను. తలుపుకు చెవి ఆనిస్తే లోపల కాలీడ్చి నడుస్తున్న చప్పుడు, ఒకే కన్నడ మాటను పదే పదే గొణుగుతున్న గొంతు. ఒకసారి అది ముసలి గొంతు, ఒకసారి బతిమాలే గొంతు, ఒకసారి దగ్గు. గదిలో ఉన్నది మాత్రం ఒక్కడే.

మా వైపు పల్లెల్లో ఒంటి మీద వేసుకున్న బట్ట పరాయివాళ్ల చేతిలో పడకూడదంటారు. బట్ట దొరికితే మనిషి దొరికినట్టే, బాణామతి చేస్తారని భయం. ఆ విద్య కర్ణాటక దిక్కు నుంచే వచ్చిందని మా అవ్వ చెప్పేది. (వాళ్లు మా వైపు నుంచి వచ్చిందని చెప్పుకుంటారని చాలా ఏళ్లకు తెలిసింది.) కాలేజీలో నేను ఇలాంటివాటి మీద ఎకసెక్కాలాడినవాణ్ణే. కానీ ఆ మధ్యాహ్నం మా బాపు లాడ్జికి వచ్చేసరికి నా చదువంతా చెమట పట్టి కారిపోయింది.

మాది దౌల్తాబాద్ వైపు పల్లె. బాపు మక్కలు అమ్మడానికి యార్డుకు వచ్చినప్పుడల్లా నన్ను చూసి పోయేవాడు. ఆ రోజు మడతలు కూడా పోని కొత్త అంగీలో గడప అవతల నిలబడ్డాడు.

"ఎవలిచ్చిన్రు బాపూ?"

"ఎవలో కన్నడపాయన. నా పాత అంగి మీద మనసు పడ్డడు. చినిగిందయ్యా అంటే, చినిగిందే కావాలె అన్నడు. పిచ్చోడు గావచ్చు. మంచోడే."

"ఇచ్చినవా?"

"ఇయ్యక? కొత్తది వస్తుంటే!" అని నవ్వి, భుజం పట్టుకున్నాడు. "పొద్దటి సంది గీ రెక్కొకటి గుంజుతుందిరా."

తెల్లారినప్పటి నుంచి మక్కల బస్తాలు మోసిన మనిషికి రెక్క గుంజక ఏమవుతుంది? ఆ ప్రశ్న నాకు తట్టలేదు. పరుగున పోయి సేటుకు చెప్పాను. సేటు ముఖం పాలిపోయింది. "అరే, నా లుంగి గూడ నిన్నటి సంది దొరుకుతలేదురా!" (ఆ లుంగీ గాలికి ఎగిరి పక్కింటి రేకుల మీద పడి ఉంది. మరో వారానికి దొరికింది.) ఇంకేం, నటుడు ఆ రోజు యార్డు నుంచి ముందే వచ్చి గదిలో ఉన్నాడు; నేను చప్పుడు కాకుండా పోయి ఆ గదికి బయటి నుంచి తాళం వేశాను. సేటు టీకొట్టు దగ్గర చెప్పాడు, టీకొట్టు యార్డుకు చెప్పింది.

కాసేపటికి లోపలి నుంచి తలుపు తట్టాడు. "తమ్మా, తలుపు పట్టేసినట్టుంది."

"ఆ... తలుపు బాగుచేయనీకి వడ్లాయనకు కబురు పెట్టినం సార్. వస్తుండు."

"మంచిది. తొందర లేదు కానీ, సాయంత్రం కాచిగూడలో నాకు రైలుంది. రేపు పొద్దున్నే షూటింగు. తప్పితే వేషం పోతుంది తమ్మా. ఇన్నేళ్లకు పెద్ద వేషం. తండ్రి వేషం." తరువాత నెమ్మదిగా, "ఇక చెప్పినా ఫరవాలేదులే. కొడుకును వెతుక్కుంటూ మీ వైపు నుంచి బెంగళూరు వచ్చిన రైతు. సినిమా అంతా వాడే" అన్నాడు. నేను తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకుని, "వడ్లాయన దార్ల ఉన్నడు సార్" అన్నాను. ఇవాళ్టికీ ఆ వడ్లాయన రాలేదు.

పెద్దమనుషులు వచ్చేదాకా తెరవొద్దని సేటు ఆజ్ఞ. వాళ్లు వచ్చేసరికి ఎండ దిగిపోయింది. అంగీలు ఇచ్చినవాళ్లూ, వాళ్లను చూడ్డానికి వచ్చినవాళ్లూ కలిసి వసారా నిండిపోయింది. "గుంజుకరాండ్రి బయటికి!" "ముందుగాల ఆ బట్టలు కాలవెట్టుండ్రి!" ఒకడు కట్టె కూడా తెచ్చాడు. ఆ కట్టెను చూసేదాకా నాకంతా తమాషాగానే ఉంది. తాళం తీశాను. ఆయన గుమ్మంలోకి వచ్చి గుంపును చూశాడు. గుంపులో ఎవరో బాణామతి అన్నారు, ఆ మాట ఆయనకు తెలుసు. వినగానే పెదవులు తెల్లబడ్డాయి.

"మంత్రం కాదు. పని, స్వామీ" అన్నాడు. "కంపెనీలో మా గురువు చెప్పేవాడు, రాజు బట్టలు పెట్టెలో దొరుకుతాయి, పేదవాడి బట్టలు పేదవాణ్ణే అడగాలి అని. ఏళ్ల తరబడి తొడిగిన అంగీ ఆ మనిషి ఎలా వంగుతాడో, ఎలా మోస్తాడో నేర్పుతుంది. ఉతికితే పోతుంది."

"అగో, ఒప్పుకున్నడు!" అన్నాడు కట్టె పట్టుకున్నవాడు.

"ఒక్క నిమిషం ఇవ్వండి" అని లోపలికి పోయి, బాపు పాత అంగీ తొడుక్కుని వచ్చాడు. రావడం ఆయనలా రాలేదు. ఎడమ భుజం ఒక అంగుళం కిందికి దిగింది. గడప దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. అరికాళ్ల మన్ను గచ్చుకు అంటుతుందేమోనని ఒకసారి కిందికి చూసుకున్నాడు. కౌంటరుకు అడుగు దూరంలో నిలబడి, ఒక చేయి వీపు వెనక్కి పెట్టుకుని, మెడ కాస్త వంచి, లేని మనిషి కోసం అటూ ఇటూ చూశాడు. కూర్చోమన్నారేమో అన్నట్టు కుర్చీని తువ్వాలతో తుడిచి, కూర్చోకుండా మళ్లీ నిలబడ్డాడు.

వసారా అంతా సద్దుమణిగింది. ఎవరో పక్కున నవ్వారు. "అరే, గిది వీళ్ల బాపు గదరా! అచ్చు గుద్దినట్టు!" నవ్వు గుంపంతా పాకింది. కట్టె తెచ్చినవాడు కట్టె మీద వాలి మరీ నవ్వాడు. అందరికంటే ముందు నవ్వింది మా బాపే. అందరికంటే ముందు ఆపింది కూడా ఆయనే. నా వైపు తిరిగి, "నేను గట్ల నిలబడ్తనా బిడ్డా?" అన్నాడు.

లాడ్జికి వచ్చినప్పుడల్లా ఆయన గడప అవతలే నిలబడేవాడని, గిరాకీల ముందు నేను ఒక్కసారీ లోపలికి రమ్మనలేదని, అప్పుడు ఆ అంగీలో చూశాను.

గుంపు కరిగిపోయింది. అయినా భయం భయమే కాబట్టి, పోతూ పోతూ ఎవరి పాత బట్టలు వాళ్లు దండెం మీంచి తీసుకుపోయారు. కొత్తవి మాత్రం ఒక్కరూ తిరిగివ్వలేదు. సేటు అడిగితే, "గవి ఆయన ఇచ్చిండు, గివి మాయే గద!" అన్నారు. బాపు ఒక్కడే, "నాది ఉంచుకోండ్రి సార్. గది పోతే నేను పోయినట్టే, సినిమాలకు" అన్నాడు.

సేటు బండి మీద ఆయన్ను బస్టాండుకు దింపాను. రైలు అందదని ఇద్దరికీ తెలుసు. ఆయన బెంగళూరుకు ఫోన్ చేసి, "మధ్యాహ్నానికి వస్తాను, మధ్యాహ్నానికి" అని బతిమాలాడు. ఆ గొంతు నేను తలుపు దగ్గర విన్న గొంతే. నా నంబరు రాసుకుని, "ఏం ఫరవాలేదు తమ్మా" అని బస్సెక్కాడు.

కొన్ని నెలలకు ఫోన్ చేశాడు. తండ్రి వేషం పేరున్న ఇంకో నటుడికి పోయింది. ఈయనకు యార్డులో వరసలో నిలబడే వేషం ఇచ్చారు. "మీ బాపు అంగీతోనే నిలబడ్డాను" అన్నాడు. నేను, ఆ రోజు తలుపు పట్టేయడం వల్ల గదా ఇదంతా అన్నాను. అప్పుడు కూడా అబద్ధమే.

"తలుపు పట్టేయలేదు తమ్మా. తాళం తిరిగిన చప్పుడు విన్నాను."

"మరి ఎందుకు అరవలే సార్?"

"అరిస్తే నువ్వు ఇంకా భయపడేవాడివి."

ఆ సినిమా తరువాత టీవీలో తెలుగులోకి మారి వచ్చింది. ముందున్న పెద్ద నటుణ్ణి చూసి బాపు, "గాయనెవలో. నేను ఎన్కకున్న" అన్నాడు. నేను పాడుచేసింది ఎంతో నాకు ఆ మాటతో తెలిసింది. క్షమించమని ఫోన్ చేద్దామనుకుంటూనే ఏళ్లు గడిపాను. ఆలోగా ఆ నంబరు పనిచేయడం మానేసింది.

మొన్న మా ఇంట్లో అందరం కూర్చుని మరో కన్నడ సినిమా చూస్తున్నాం. ఆయనే. తల నెరిసింది, అయినా ఒక లాడ్జి గుమస్తా వేషం కట్టాడు. అనుమానపు గుమస్తా. వచ్చిన ప్రతివాడి వెనకా మునివేళ్ల మీద పోతాడు, తలుపుకు చెవి ఆనిస్తాడు, తాళంచెవితో చెవి గోక్కుంటాడు. ఈ వేషంతోనే జనం తనను వీధిలో గుర్తుపడుతున్నారని ఆయన ఏదో ఇంటర్వ్యూలో చెప్పాడని మా అమ్మాయి చెప్పింది. నా భార్య నవ్వాపుకోలేక, "అగో, గీయన అచ్చం మీలెక్కనే గోక్కుంటుండు!" అంది. నా దగ్గర ఆయన ఒక్క చొక్కా కూడా తీసుకోలేదు. ఒక వేషం పోగొట్టి ఇంకొకటి ఇచ్చానని సరిపెట్టుకుందామా అనిపించింది కానీ, ఇచ్చింది నేను కాదు, ఆయనే తీసుకున్నాడు.

సినిమాలో గుమస్తా ఒక గదికి తాళం వేస్తాడు. అందరూ నవ్వుతున్నారు. తాళం వేశాక ఆయన వెంటనే కదలలేదు. తాళంచెవిని గుప్పిట్లో బిగించి, ఆ మూసిన తలుపు వంక ఒక్క క్షణం చూస్తూ నిలబడ్డాడు. బాపు కుర్చీలో ముందుకు వంగాడు. ఎవరి వేషమో ఆయన పోల్చుకోలేదు, ఆ నెరిసిన తలనూ పట్టించుకోలేదు.

"పాపం, పిలగాడు భయపడ్డడురా" అన్నాడు.

"అవును బాపూ, భయపడ్డడు" అన్నాను. టీవీలో ఆ పిలగాణ్ణి చూసి నాకూ చిన్నగా నవ్వొచ్చింది.